ఇంటి కంప్యూటరు, తెలుగు అక్షరం: ఒక విశ్రాంత గుమాస్తా చూసిన చరిత్ర

ప్రత్యేక సంచికకు మన సభ్యులందరికీ పనికివచ్చే వ్యాసం ఒకటి రాసి ఇవ్వవలసిందిగా సంఘ కార్యదర్శి గారు కోరారు. ముప్పై ఆరేళ్లు నోట్ ఫైళ్లు రాసిన చేతికి వ్యాసం రాయడం కొత్తే గాని, విషయం మాత్రం వెతుక్కోనక్కర లేకపోయింది. ఈ మధ్య మన సమావేశాలలో డి.ఎ. బకాయిల తరువాత ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "మా అబ్బాయి కొనిచ్చిన కంప్యూటరు బాగానే నడుస్తోంది. అయినా విండోస్ 10కి కాలం చెల్లింది, కొత్తది చూసుకోండి అని తెర మీద నోటీసు పెడుతోంది. కొనాలా? లినక్స్ వేయిస్తే చాలు అంటున్నారు కుర్రాళ్లు. ఆ లినక్స్ ఏమిటి?"

ఏ ఫైలైనా మొదటి కాగితం నుండి చదవనిదే ఆర్డరు డ్రాఫ్టు పెట్టకూడదని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు గారు చెప్పేవారు. అందుచేత ఈ ప్రశ్నకు కూడా మొదటి కాగితం నుండే వస్తాను. నేను ఇంజనీరును కాను. గూడెం కొత్తవీధి మండలాఫీసులో టప్పా రిజిస్టరు రాసినవాడిని. నాకు తెలిసిన మేరకే రాస్తున్నాను.

ముందు ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో మన భాషలో చెప్పుకుందాం. ఆఫీసులో సూపరింటెండెంటు ఉంటారు. వచ్చిన టప్పాలు ఏ సెక్షనుకు వెళ్లాలో, రికార్డు రూము తాళం ఎవరి చేతికివ్వాలో, ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఆయనే చూస్తారు. పనిమీద వచ్చిన రైతుకు ఆయన కనబడరు. కాని ఆయన సెలవు పెడితే ఆఫీసు నిలిచిపోతుంది. కంప్యూటరులో ఆ సీటు ఆపరేటింగ్ సిస్టముది. యంత్రం అదే ఉంటుంది, సూపరింటెండెంటు మారితే ఫైళ్లు సర్దే పద్ధతి మారుతుంది. పాత సూపరింటెండెంటు సర్దిన ఫైలు కొత్తాయనకు దొరక్కపోవడం మనందరికీ అనుభవమే. నా కథ అంతా అక్కడే ఉంది.

1985లో మండలాలు ఏర్పడినప్పుడు గూడెం కొత్తవీధి కూడా మండల కేంద్రమైంది. అంతకు ముందు మాకు ఏ పనికైనా చింతపల్లి తాలూకా కచేరీయే దిక్కు. కొత్త ఆఫీసుకు రెండు బీరువాలు, నాలుగు కుర్చీలతో పాటు ఒక తెలుగు టైపు మిషను ఇచ్చారు. వానాకాలం మంచు చెమ్మకు కార్బన్ కాగితాలు అంటుకుపోయేవి, 'ర' అక్షరం మీట ఇరుక్కుపోయేది. అయినా ఆ మిషనులో ఒక గొప్ప గుణం ఉంది. కాగితం మీద 'క' పడితే అది యాభై ఏళ్ల తరువాత కూడా 'క'గానే ఉంటుంది. చదవడానికి మరో మిషను అక్కరలేదు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

కంప్యూటరును నేను మొదట చూసింది 1990 దశకం మొదట్లో, విశాఖపట్నం కలెక్టరేటులో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు వారి గదిలో. లెక్కల స్టేటుమెంటు పట్టుకుని వెళ్లాను. చెప్పులు బయట విడిచి గుడిలోకి వెళ్లినట్టు వెళ్లాలి, లోపల చలి లంబసింగి చలి. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు. అదే డాస్. 1981లో ఐ.బి.ఎం. వారి చిన్న కంప్యూటరుతో పాటు మైక్రోసాఫ్ట్ వారు తెచ్చిన పద్ధతి. దానికి బొమ్మలు తెలియవు, మౌస్ అవసరం లేదు. ఏం చేయాలో ఇంగ్లీషులో, స్పెల్లింగు తప్పకుండా, మనమే టైపు చేసి ఆజ్ఞాపించాలి. ఒక అక్షరం తప్పితే 'చెడ్డ ఆజ్ఞ' అని గద్దించేది. ఒకసారికి ఒకే పని. చేసే పని మాత్రం నిక్కచ్చిగా చేసేది. ఇంట్లో వాడుకోవడానికి పనికివచ్చేది కాదు, ఆ ఉద్దేశంతో చేసిందీ కాదు.

అయితే ఆ డాస్ మీదే తెలుగు అక్షరం చూశాను. జిస్ట్ కార్డు అని ఒక పలకను కంప్యూటరు లోపల బిగిస్తే తెర మీద భారతీయ భాషలు వచ్చేవి. కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టి, ఆ పైన పూనాలోని సీడాక్ సంస్థలో పెరిగిన సాంకేతికం అది. దాని వెంట వచ్చిన మీటల అమరికే ఇన్‌స్క్రిప్ట్. 1986లో భారత ప్రభుత్వం ప్రమాణంగా తీసుకువచ్చింది. ఎడమ చేతి కింద అచ్చులు, కుడి చేతి కింద హల్లులు. తెలుగు నేర్చినవాడు అదే మీటలతో ఒరియా కూడా కొట్టగలడు. సరిహద్దు మండలంలో పనిచేసేవాడికి ఆ సుఖం తెలుస్తుంది. కార్డు పోయింది, డాస్ పోయింది. ఆ మీటల అమరిక మాత్రం ఇప్పటికీ విండోస్‌లో, లినక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోనులో కూడా ఉంది.

మా మండలాఫీసుకు కంప్యూటరు రావడానికి తరువాత చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక కూడా గోనెగుడ్డ కప్పుకుని ఎక్కువ కాలం కూర్చుంది. సీలేరు జలవిద్యుత్ కేంద్రం మా మండలంలోనే ఉంది గాని, గాలివాన వస్తే మాకు వారం రోజులు లాంతర్లే. దీపం కింద చీకటి అంటే అదే.

ఇళ్లలోకి కంప్యూటరు వచ్చింది విండోస్‌తో. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైంది. కింద ఎడమ మూల స్టార్టు బటను, నొక్కితే పైకి లేచే పట్టిక. అంతకు ముందు విండోస్ 3.1 ఉండేది గాని అది డాస్ మీద వేసుకున్న ఉత్తరీయం వంటిది. 95 కూడా లోపల డాస్‌ను పూర్తిగా వదలలేదనుకోండి. కాని స్పెల్లింగు రానివాడు కూడా వేలితో చూపించి పని చేయించుకునే రోజు వచ్చింది. 1998లో విండోస్ 98 వచ్చింది. అదే ఏడాది నవంబరులో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ, అదే కార్డ్ పథకం, మొదలైంది. హైదరాబాదులో మైక్రోసాఫ్ట్ వారు తమ అభివృద్ధి కేంద్రం పెట్టిందీ ఆ ఏడే. నర్సీపట్నంలో కంప్యూటరు కోచింగు బోర్డులు పెట్టుబడి దుకాణాల కంటే ఎక్కువయ్యాయి.

మా పెద్దబ్బాయి 2000లో ఒక కంప్యూటరు కూర్పించి తెచ్చాడు. అందులో విండోస్ 98. దానికి రసీదు ఉందా అని అడిగితే నవ్వాడు. ఆ రోజుల్లో మన ఇళ్లలో చాలావాటికి రసీదు లేదు. ఒక సీడీ ఊరంతా తిరిగేది. జీవితమంతా ఓచరు లేనిదే పైసా ఖర్చు రాయని మనవాళ్లమే ఇంట్లో ఓచరు లేని సరుకు వాడుకున్నాం. లినక్స్ గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరపడుతుంది.

ఇప్పుడు మా ఆవిడ గురించి చెప్పాలి. ఆమె మా మండలంలో ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని. 1986 నుండి 2004 వరకు పనిచేసింది. బళ్లో చేరే ఖోందు పిల్లలకు ఇంట్లో మాట కువి, బళ్లో మాట తెలుగు. మొదటి రోజున ఒక పిల్లవాడు దాహమని అడిగితే తనకు అర్థం కాలేదట. ఆ రాత్రే ఒక పొడవు నోటు పుస్తకం తీసి కువి మాటలు తెలుగు లిపిలో రాయడం మొదలుపెట్టింది. పిల్లలను అడిగి, వారి తల్లులను అడిగి, సంతలో పసుపు అమ్ముకునే ముసలమ్మలను అడిగి, పద్నాలుగేళ్లలో 912 మాటలు పోగుచేసింది. ఎదురుగా తెలుగు అర్థం. ఆ భాషలో గొంతు పట్టి వదిలే ధ్వని ఒకటుంది, తెలుగులో లేదు. దానికి ఆమె అక్షరం పైన చిన్న కామా వంటి గుర్తు పెట్టుకునేది. 2004లో రాష్ట్ర ప్రభుత్వం కువితో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలతో బడి చదువు మొదలుపెట్టినప్పుడు, తన పిచ్చి ఒక్కదానిది కాదని ఎంతో సంతోషించింది.

2001లో ఆ పుస్తకాన్ని నర్సీపట్నంలో ఒక డీటీపీ సెంటరులో కొట్టించాం. పేరెందుకు, ఆ సెంటరు ఇప్పుడు లేదు. నాలుగు పేజీలు ప్రింటు తీయించి, మిగతాది డబ్బు కూడిన తరువాత తీయించవచ్చని ఒక ఫ్లాపీలో పెట్టించి ఇంటికి తెచ్చాం. నోటు పుస్తకాలను ట్రంకు పెట్టెలో పెట్టాం. ట్రంకు పెట్టెకు చెదలు పట్టింది. నేను రికార్డు కీపరుగా కూడా పనిచేసినవాడిని. నేప్తలీన్ ఉండలు ఎక్కడ వేయాలో నాకు తెలుసు. వేయలేదు.

ఫ్లాపీ ఉందిలే అని ధైర్యం. 2006లో కొత్త కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీ వేయించి, ఫ్లాపీలోని ఫైలును సీడీకి ఎక్కించి, తెరిచి చూస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు. 912 మాటల్లో ఒక్క మాట లేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. అద్దాలు తీసి లోపలికి వెళ్లిపోయింది.

ఎందుకలా జరిగిందో నాకు బోధపడటానికి చాలా ఏళ్లు పట్టింది. డాస్ కాలం నుండి విండోస్ 98 వరకు కంప్యూటరుకు స్వతహాగా తెలుగు రాదు. డీటీపీ ఫాంట్ల వారు ఏం చేశారంటే, ఇంగ్లీషు అక్షరాలుండే గదుల్లోనే తెలుగు బొమ్మలు పెట్టారు. మనకు 'క' కనబడుతుంది, కంప్యూటరు మాత్రం తాను ఏదో ఇంగ్లీషు అక్షరం దాచుకున్నాననే అనుకుంటుంది. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో అమరిక. ఒకరు 'క' పెట్టిన గదిలో ఇంకొకరు 'మ' పెడతారు. మన భాషలో చెప్పాలంటే సర్వే నంబరు 42 అని రాసి, ఏ గ్రామమో రాయకపోవడం. ఆ గ్రామం పేరు తెలిసిన గుమాస్తా ఉన్నంత కాలం పని జరుగుతుంది. ఆయన బదిలీ అయితే పట్టా ఎవరిదో దేవుడికే తెలియాలి. 1990లలో, 2000లలో ఇలా కొట్టించిన పెళ్లి శుభలేఖలు, సంఘాల సావనీర్లు, కథలు, కవిత్వం, మన జిల్లా పత్రికలు ఎన్ని పోయాయో లెక్క లేదు.

దీనికి మందు అప్పటికే తయారైంది. 1991లో యూనికోడ్ మొదటి సంచిక వచ్చింది. ప్రపంచంలోని ప్రతి లిపికీ ఒక గ్రామం, ప్రతి అక్షరానికీ ఒక శాశ్వత సర్వే నంబరు. తెలుగుకు 128 గదులు కేటాయించారు. మన 'క' నంబరు 3093. గూడెంలో కొట్టినా అమెరికాలో చదివినా అదే నంబరు. మన భాషల అమరికను భారతీయ ప్రమాణమైన ఇస్కీ నుండే తీసుకున్నారు, అంటే ఆ జిస్ట్ కార్డు వంశమే. కాని మందు ఇళ్లకు చేరడం ఆలస్యమైంది. విండోస్ 2000లో హిందీ, తమిళం వచ్చాయి, తెలుగు రాలేదు. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీతోనే గౌతమి అనే ఫాంటుతో తెలుగు చేరింది. మేము మా ఫ్లాపీ కొట్టించిన ఏడాదే! ఆరు నెలలు ఆగి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా ఆగినా మా డీటీపీ సెంటరులో ఎక్స్‌పీ ఉండేది కాదు.

ఎక్స్‌పీ గురించి రెండు మంచి మాటలు రాయకపోతే కృతఘ్నత అవుతుంది. డాస్ పునాది వదిలేసి కట్టిన మొదటి ఇంటి విండోస్ అది. మాటిమాటికీ నీలం తెర వచ్చి చచ్చిపోయేది కాదు. మనలో చాలామంది కంప్యూటరు నేర్చుకున్నది దాని మీదే. తెలుగు కూడా ఆ కాలంలోనే ఊపిరి పీల్చుకుంది. అమెరికాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత ఫాంట్లలోని పత్రికలను యూనికోడులోకి మార్చి చూపే పద్మ అనే ఉపకరణం కూడా ఆయన చేసినదే. లేఖిని వచ్చాక ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయడం పిల్లలకు కూడా పట్టుబడింది. 2005లో సీడాక్ వారు తెలుగు ఫాంట్లు, ఉపకరణాలతో ఒక సీడీని ఉచితంగా పంచారు.

2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల గారు మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. వారి తండ్రి బి.ఎన్. యుగంధర్, ఐ.ఏ.ఎస్. గారి పేరు మన సర్వీసులో తెలియనివారు లేరు. మన కలెక్టరు గారి అబ్బాయి అన్నంత గర్వపడ్డాం. రెండు నెలలకే, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి సేవలు ఆగిపోయాయి. ఆ తేదీ ఆయన రాక ముందే ఖరారైనదే గాని, మా కాలనీలో అది ఒప్పుకోని పెద్దలు ఇద్దరున్నారు.

తరువాతివి త్వరగా చెప్పేస్తాను. విస్టాను మరచిపోవచ్చు. విండోస్ 7 మంచిది, 2020 జనవరి వరకు బతికింది. విండోస్ 8లో స్టార్టు బటను తీసేసి మనవంటి వాళ్లను అడవిలో వదిలారు. 2015 జూలైలో వచ్చిన విండోస్ 10 మళ్లీ దారిలో పెట్టింది.

ఇక లినక్స్. యూనికోడ్ వచ్చిన 1991లోనే ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి సరదాగా రాసుకున్న వ్యవస్థ అది. అంతకు ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అనే ఉద్యమం మొదలుపెట్టి ఉన్నారు. సాఫ్ట్‌వేరు అందరిదీ, ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు అన్నది దాని సూత్రం. ఈ రెండూ కలిసి ఒక సంపూర్ణ వ్యవస్థ అయింది. రసీదు గొడవ లేదు, ఎందుకంటే పంచుకోవడమే అందులో చట్టం. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు దీని మీదే చదువుతున్నారు. మన వైపు హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వారు దీన్ని తెలుగులోకి తెచ్చారు. సీడాక్ వారు 2007లో బాస్ అనే పేరుతో భారతీయ భాషల లినక్స్ విడుదల చేశారు. తెలుగు లినక్స్‌లో కొన్ని చోట్ల ఫైలును దస్త్రం అన్నారు. కుర్రాళ్లు నవ్వుతారు గాని, తాలూకా కచేరీలో పనిచేసినవాడికి ఆ మాట చూస్తే ప్రాణం లేచి వస్తుంది.

న్యాయం చెప్పాలంటే, ఇరవై ఏళ్ల క్రితం లినక్స్ ఇంటి మనిషికి సాధ్యమయ్యేది కాదు. టెలిఫోను తీగకు తగిలించే మోడెంలు చాలావరకు విండోస్‌తోనే పలికేవి. ప్రింటరు కొనే ముందు నలుగురిని అడగాలి. తెలుగు ఒత్తులు ఒక్కోసారి అక్షరం కిందికి రాకుండా పక్కన నిలబడేవి. 2004లో ఉబుంటు, ఆ తరువాత మింట్ వచ్చాక పరిస్థితి మారింది. ఈనాడు మింట్ తెర చూస్తే విండోస్ 7 చూసినట్టే ఉంటుంది. ఇంకొక మాట. లినక్స్ అంటే భయపడే మిత్రులు తమ జేబులో చూసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్న మూలం లినక్సే.

ఆపిల్ వారి మాక్ గురించి నాకు తెలిసింది తక్కువ. మా చిన్నమ్మాయి అమెరికా నుండి వచ్చినప్పుడు ముట్టుకుని చూశాను. నున్నగా ఉంటుంది, చెడిపోదు, ధర మన గ్రాట్యుటీని గుర్తు చేస్తుంది. అయితే దాని చరిత్రలో మన అక్షరానికి ఒక ముచ్చట ఉంది. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పుతో పంపితే ఐఫోనులో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలేది. ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఫిబ్రవరి 19న వారు దిద్దుబాటు విడుదల చేశారు. లోకంలో అంత ఖరీదైన ఫోను మన జ్ఞానం దగ్గర తడబడిందని మా అమ్మాయిని ఆట పట్టించాను. నవ్వు సంగతి అలా ఉంచితే, పెద్ద కంపెనీ అయినంత మాత్రాన మన లిపిని పూర్తిగా పరీక్షించి పంపుతుందని నమ్మకూడదని తెలిసింది.

ఇక సభ్యుల ప్రశ్నకు వస్తాను. విండోస్ 10కి మామూలు సేవలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆగిపోవడమంటే కంప్యూటరు నడవకపోవడం కాదు. దొంగలు కొత్త దారి కనిపెట్టినప్పుడు తలుపుకు కొత్త గడియ వేసేవారు లేకపోవడం. ఇది ఉత్త భయం కాదు. 2017 మేలో వానాక్రై అనే దాడి వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ వారు మార్చిలోనే పంపారు. వేసుకోని యంత్రాలకే తగిలింది. కనుక సేవలు ఆగిన యంత్రం మీద బ్యాంకు పని, పెన్షను పని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇళ్లవారికి ఒక ఏడాది గడువు, అంటే 2026 అక్టోబరు 13 వరకు, రక్షణ దిద్దుబాట్లు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతా ఉన్నవారు సెట్టింగులలో చూసి నమోదు చేసుకోవచ్చు. ఫోను చేసి "మీ విండోస్ ఆగిపోయింది, మేము సరిచేస్తాం" అనేవాడు మాత్రం నూటికి నూరు పాళ్లూ మోసగాడే.

విండోస్ 11కి మారాలంటే యంత్రంలో టి.పి.ఎం. అనే భద్రతా చిప్పు కొత్త రకానిది ఉండాలి. 2018కి ముందు కొన్న యంత్రాలలో చాలావాటిని అది అంగీకరించదు. మీ యంత్రం అంగీకరిస్తే మారిపోండి, ఆలోచించవద్దు. అలవాటైన ఇల్లు, ప్రింటరు పలుకుతుంది, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం వంటివి ఉన్నవారికి ఇబ్బంది ఉండదు. లినక్స్‌లో ఇవే ఇప్పటికీ చిక్కులు. అంగీకరించకపోతే, నాలుగు జీబీ మెమరీ ఉన్న పాత యంత్రాన్ని పారేయకుండా మింట్ వేయించుకోమని నా సలహా. ఉత్తరాలు రాసుకోవడం, పిల్లలతో మాట్లాడటం, పేపరు చదవడం, పాత పాటలు వినడం, వీటికి ఏ లోటూ లేదు. వేయించే ముందు ఫోటోలు, ఫైళ్లు వేరే పెన్‌డ్రైవులోకి తీసుకోవాలి. ఈ ఒక్క మాట మరిచి ఏడ్చినవారిని ఇద్దరిని చూశాను. జీవన ధ్రువపత్రం కోసమే కంప్యూటరు ఉంచుకున్నవారైతే ఏదీ కొననక్కరలేదు. 2021 నవంబరు నుండి జీవన్ ప్రమాణ్‌కు ముఖం చూపే పద్ధతి వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోనులో పని అయిపోతుంది. కొండ మీద మాకు సిగ్నలు దొరకడమే సమస్య, దానికి ఏ ఆపరేటింగ్ సిస్టమూ మందు కాదు.

ఏది వాడినా తెలుగు మాత్రం యూనికోడులోనే రాయండి. ప్రెస్సువారు పాత ఫాంటులో కావాలని అడిగితే వారు మార్చుకుంటారు, మీ ప్రతి మీ దగ్గర యూనికోడులో ఉండాలి. మన సంఘ సభ్యత్వ రిజిస్టరు 2009 వరకు పాత ఫాంటులోనే ఉంది. దాన్ని మార్పించే పని ఈ ఏడాది కార్యవర్గం చేపట్టాలని ఇందుమూలంగా కోరుతున్నాను.

మా ఆవిడ 2011లో కాలం చేసింది. సీడీ నా దగ్గరే ఉండిపోయింది. 2022లో, మన ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లా అయిన ఏడు, మా తమ్ముడి మనవడు వేసవి సెలవులకు వచ్చాడు. వాడి ల్యాప్‌టాపులో లినక్స్. "పెద్ద తాతయ్యా, ఒకసారి ఇయ్యి చూద్దాం" అన్నాడు. సీడీ గీతలు పడి ఉన్నా ఫైలు బయటకు వచ్చింది. తెరిస్తే మళ్లీ అవే డాలరు గుర్తులు. కాని వాడు కంగారు పడలేదు. ఫైలు లోపల ఏ ఫాంటుతో కొట్టారో పేరు రాసి ఉంటుందట, అది పట్టుకున్నాడు. ప్రింటు తీయించిన నాలుగు పేజీలు అడిగి తీసుకుని, ఏ ఇంగ్లీషు గుర్తుకు ఏ తెలుగు అక్షరమో పాత అడంగలుతో కొత్త అడంగలు సరిచూసినట్టు వరుసగా రాసుకున్నాడు. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున్న కాఫీ తాగుతుండగా పిలిచి చూపించాడు. తెర మీద మా ఆవిడ మాటలు, వరుసగా, ఆమె పెట్టిన క్రమంలోనే. మొదటి మాట నీళ్లు.

లినక్స్ గొప్పదిరా అన్నాను. వాడు నిజాయితీపరుడు. "ఇది విండోస్‌లో కూడా చేయొచ్చు తాతయ్యా. గొప్పతనం యూనికోడుది. లినక్స్‌లో ఈ పనికి కావలసిన సరంజామా ముందే ఉంది, అంతే" అన్నాడు. ఆ తీర్పునే నేనూ ఇక్కడ నమోదు చేస్తున్నాను.

అయితే 912లో 851 మాత్రమే సరిగా వచ్చాయి. ఆ గొంతు ధ్వని కోసం డీటీపీ కుర్రవాడు కామాకు బదులు ఏదో ఒత్తు గుర్తు వాడాడు. దానితో 61 మాటలు వేరే అక్షరాలతో కలిసి చెడిపోయాయి. తెలుగు అర్థాలు ఉన్నాయి, కువి మాటలు లేవు. నేనూ మా మనవడూ రెండు ఊళ్లు తిరిగి, మా ఆవిడ దగ్గర చదివి ఇప్పుడు అమ్మమ్మలైన ఇద్దరిని అడిగి 43 మాటలు మళ్లీ రాసుకున్నాం. ఇంకా 18 మిగిలాయి. వాటిలో కొన్నింటి అర్థాలు ఇవి: తేనెపట్టు దింపేటప్పుడు పట్టుకునే పొగకట్ట, చలికి పగిలిన మడమ, పోడు కాల్చిన మరునాడు మిగిలే వెచ్చని బూడిద, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన బిడ్డ, ఎండిపోయిన వాగులో తవ్వుకునే చెలమ. దారకొండ, సీలేరు వైపు పనిచేసి కువి తెలిసిన మన సభ్యులు, లేదా వారి ఇళ్లలో తెలిసినవారు ఎవరైనా ఉంటే, వచ్చే సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు నాతో ఒక పావుగంట కూర్చోవలసిందిగా కోరుతున్నాను. ల్యాప్‌టాపు తెస్తాను.